పుట్టింటి పిడికెడు బియ్యం

ఎన్నేళ్లుగానో గుండె మీద పడి ఉన్న బండ ఇది. మీకు చెబుతున్నాను. మీరు నా ముఖం చూడరు, అదే ధైర్యం.

మాది గద్వాలలో మగ్గాల ఇల్లు. చిన్నప్పుడు చీరకు అంచు అతికే చోట నేను పోగు తప్పిస్తే, "నేనే తప్పించిన నాయనా" అని తిట్లన్నీ అక్క తినేది. అలాంటి మనిషి. పెద్దయ్యాక అమరచింతలో ఒక క్రైస్తవ మేస్త్రీని ఇష్టపడి పెళ్లాడి, ఆ మతంలో కలిసింది. నాయన కొన్నాళ్లు మూతి ముడుచుకున్నాడు గానీ, ఆడబిడ్డను ఇంటికి పిలిచి ఒడిలో పోసే ఒడిబియ్యం మాత్రం మానలేదు. "దేవుడు మారిండు గని బిడ్డ మారిందా?" అనేవాడు. అక్క బొట్టు లేకుండానే ఒడి పట్టేది. పోసిన బియ్యంలోంచి పిడికెడు తీసి, పుట్టిల్లు చల్లగా ఉండాలని మా చాటలో తిరిగి పోసేది. మా దగ్గర ఆడబిడ్డల ఆనవాయితీ అది.

నాయన వీలునామా రాయకుండానే పోయాడు. వనపర్తిలో ఒక వకీలును అడిగాను. మతం మారినా కూతురి వాటా ఎక్కడికీ పోదన్నాడు. మారాక ఆమెకు పుట్టిన పిల్లలు తాత ఆస్తి అడగడానికే అడ్డు ఉందట. ఆ అడ్డును తెచ్చి అక్కకే పెట్టాను. ఎందుకు? తినడానికి లేకనా? కాదు. ఇల్లంతా నాదే అనిపించుకోవాలన్న పాడు ఆశ.

"అక్కా, మతం మారినోళ్లకు వాటా రాదంట. చట్టమే గట్లుంది."

"గట్లనా తమ్మీ? మరి నువ్వేం జేస్తవ్‌లే. పరేషాన్ గాకు," అని నా తల నిమిరింది.

తిట్టినా బాగుండేది. వాటాకేమో పరాయిది, ఒడిబియ్యానికేమో ఆడబిడ్డ, ఇదెక్కడి న్యాయంరా అని నన్ను నేనే ప్రశ్నించుకుంటూ, అక్క రేకుల గదికి కిరాయి కడుతోందని తెలిసీ నోరు మూసుకుని బతికాను. సిగ్గు లేదూ నాకు?

మొన్న మళ్లీ ఒడిబియ్యానికి పిలిచాం. మా ఆవిడ పోసింది. అక్క పిడికెడు తీసి, "నా తమ్ముని ఇల్లు చల్లగుండాలె" అంటుంటే ఇక నావల్ల కాలేదు.

"నా ఒక్కని ఇల్లు గాదక్కా. సగం నీది. అప్పుడు నేను చెప్పింది అబద్ధం. రాసిస్త."

అక్క చాట మీది నుంచి చెయ్యి వెనక్కి తీసుకుంది. పిడికిలి విప్పింది. బియ్యం తన ఒడిలోనే పడ్డాయి. కొంగు ముడేసుకుని లేచింది. గడప దాటుతూ, "షుగర్ గోళీ ఏసుకున్నవా?" అని అడిగింది. అంతే, వెళ్లిపోయింది.

క్షమించిందా? తెలియదు. అడిగే ముఖం నాకు లేదు. చాట ఖాళీగానే ఉంది. ఆ పిడికెడు తనదే, తీసుకుపోయింది. నాకు మాత్రం ఇన్నేళ్లకు కాస్త ఊపిరి ఆడుతోంది.