శ్రావ్యను ఆటలోంచి తీసేశాక

కరోనా తగ్గి బళ్లు మళ్లీ తెరిచిన ఏడాది. అప్పటికి నేను వరంగల్‌లోని ఒక దవాఖానలో పిల్లల వార్డు నర్సును. కొత్తవాడలో మరమగ్గం నడిపే రాజమౌళి, ఆయన భార్య సుజాత తమ కూతురు శ్రావ్యను తీసుకొచ్చారు. ఎనిమిదో తరగతి. పిల్ల బాగా చిక్కిపోయింది, ఊరికే నీళ్లు తాగుతోంది. పరీక్షల్లో టైప్ వన్ డయాబెటిస్ అని తేలింది. ఈ జబ్బులో ఒంట్లో ఇన్సులిన్ తయారు కాదు. పథ్యంతోనో మాత్రలతోనో పోయేది కాదు; బతికినన్నాళ్లూ రోజూ సూదితో వేసుకోవాల్సిందే.

సూది వేసుకోవడం తల్లికంటే ముందు శ్రావ్యే నేర్చుకుంది. ఇంటికి వెళ్లే రోజు నన్ను ఒక్కటే అడిగింది.

"సిస్టర్, ఖోఖో ఆడొచ్చునా?"

"ఎందుకాడొద్దు? ఆటకు ముందు ఏమన్న తిను. జేబుల గ్లూకోజ్ పెట్టుకో."

బడి జట్టులో తన బిడ్డను మించి ఉరికేవాళ్లు లేరని సుజాత మురిసిపోతూ చెప్పింది.

కొన్ని నెలలు బాగానే గడిచాయి. ఒకరోజు మైదానంలో శ్రావ్యకు హైపో వచ్చింది, అంటే షుగర్ ఒక్కసారిగా పడిపోయింది. చేతులు వణికి కూలబడింది. గ్లూకోజ్ తాగి కాసేపటికే లేచింది కానీ, మర్నాటి నుంచి ఆమెను జట్టులోకి రానివ్వలేదు. పక్కన కూర్చునే పిల్ల కూడా బెంచీ మారింది. అంటుకుంటుందని వాళ్లింట్లో చెప్పారట. సుజాత బతిమాలితే నేనూ బడికి వెళ్లాను. ఇది అంటుకునే జబ్బు కాదని, ఆట ఆమెకు మంచిదేనని చెప్పాను. హెడ్‌మాస్టర్ మర్యాదగానే విన్నారు.

"మీరు చెప్పేది నిజమే మేడం. రేపు ఏమన్నయితే ఎవలు జవాబు చెప్పాలె? కూసోని చదువుకోనీయండి."

ఇంట్లోనూ అంతే. చుట్టాలకు తెలియకూడదని ఫంక్షన్లలో బాత్రూంలోకి పంపి సూది వేసుకోమనేవారు. తర్వాత అసలు తీసుకెళ్లడమే మానేశారు.

మరుసటి ఎండాకాలం శ్రావ్య డీకేఏతో వచ్చింది. ఇన్సులిన్ అందక రక్తం ఆమ్లంగా మారే స్థితి అది, ప్రాణం మీదికొస్తుంది. తేరుకున్నాక, తల్లి పక్కన లేనప్పుడు, సూదులు తనే మానేశానని చెప్పింది.

"ఎందుకు బిడ్డా?"

"ఇసుగొచ్చింది సిస్టర్. పొద్దున లేస్తే షుగరెంత, షుగరెంత అనుడే. నువ్వెట్లున్నవని ఎవ్వలడుగుతలేరు."

డాక్టరమ్మకు చెప్పాను. ఆమె తల్లిదండ్రులను కూర్చోబెట్టి, సూది దగ్గరుండి వేయమని చెప్పి, పిల్లల మానసిక వైద్యులకు చూపించమని హైదరాబాద్‌కు రాసిచ్చారు.

"మా పిల్లకేమన్న పిచ్చా మేడం?" అని రాజమౌళి నొచ్చుకున్నాడు. తీసుకెళ్లలేదు.

మూడోసారి తెచ్చినప్పుడు శ్రావ్యకు స్పృహ లేదు. లోతుగా, ఆయాసంగా ఊపిరి తీస్తోంది. అప్పటికే మెదడు వాచింది. డాక్టర్లు చేయగలిగిందంతా చేశారు. మర్నాడు మధ్యాహ్నం పోయింది.

సుజాత ఏడవలేదు. నా చేయి పట్టుకుని, "రోజు నేనే ఏస్తుంటి సిస్టర్. నాకు జరమొస్తే, నువ్వు పండుకో, నేనేసుకుంట అన్నది. నమ్మిన" అంది. రాజమౌళి గోడవైపు తిరిగి నిలబడ్డాడు.

ఇన్సులిన్ పిల్లల ప్రాణం నిలుపుతుంది. ఆ ప్రాణం మీద వాళ్లకు ఆశ ఉండాలంటే చుట్టూ ఉన్నవాళ్లు తమ మధ్య కాస్త చోటివ్వాలి. శ్రావ్య నేర్పింది అదే. నేర్చుకున్నా నేను చేయగలిగింది మాత్రం ఏమీ కనబడదు. ఆ చోటు ఇప్పించడం వార్డులో ఎవరి చేతిలోనూ లేదు.

మొన్న స్టేషన్ ఘన్‌పూర్ నుంచి ఒకామె తన చిన్న పాపను తీసుకొచ్చింది. అదే జబ్బు. అంతా నేర్చుకుని, వెళ్లబోతూ ఆగింది.

"సిస్టర్, బడిల చెప్పాలెనా, వద్దా?"

చెప్పాలనే అంటాను ఎప్పుడూ. ఆ రోజు ఆ మాట అనేముందు, ఏ ఆటంటే ఇష్టమని పాపను అడిగాను.