గేటు దాకా తాడు

పక్కింటి మావయ్య పోయారన్న వార్త ఆయన భార్య, అత్తే తెచ్చింది. పొద్దున్న ఆరున్నరకి మా గేటు చప్పుడైంది. అత్త ఒక్కర్తే నిలబడి ఉంది. ఆవిడకి కళ్ళు కనబడవు.

"మీ మావయ్య లెగలేదు బాబూ. ఒళ్ళు సల్లబడిపోయింది. పెద్దోడికి ఫోన్ సెయ్యాల."

ఆవిడ ఒంటరిగా ఎలా రాగలిగిందో చెబితే, మావయ్య గురించి చాలావరకు చెప్పినట్టే.

ఆయన రెండో ప్రపంచ యుద్ధంలో నావికుడు. తిరిగొచ్చాక విశాఖ పోర్టులో ఓడలకి మోకులు కట్టే పనిచేసి రిటైరయ్యారు. నలుగురు పిల్లల్ని చదివించారు. నేను విలేకరిని. పదిహేనేళ్ళు ఆయన్ని యుద్ధం గురించి అడిగాను. "ఉప్పుసేప తిన్నాం, పారా కాసాం" అనేవారు. నా తుఫాను వార్త చదివి మాత్రం పిలిచారు. "గాలెంత బయంకరమో నువ్వు సెప్పక్కర్లేదు. ఎన్ని పడవలు తిరిగి రాలేదో సెప్పు." ఇన్నాళ్ళూ ఆ మాట ప్రకారమే రాశాను.

నాలుగేళ్ళ కిందట నీటికాసులతో అత్త చూపు పూర్తిగా పోయింది. పెద్దకొడుకు కొత్తగా కడుతున్న ఉక్కు ఫ్యాక్టరీలో పనిచేస్తాడు. "అమ్మని మంచం దిగనివ్వకు నాన్నా, పడిపోద్ది" అన్నాడు. మావయ్య జాలరిపేట వెళ్ళి పడవలకి వాడే నైలాను తాడు కొనుక్కొచ్చారు. మంచం నుంచి వంటింటికి, అక్కణ్ణుంచి నూతి దాకా కట్టారు. మలుపు దగ్గర ఒక ముడి, మెట్టు దగ్గర రెండు.

"నానేటి గేదెనా, తాడు కట్టడానికి?" అంది అత్త.

"గేదెకైతే మెడకి కడతాను. నీకు సేతికిత్తన్నాను."

తీరా చూస్తే తన ఎత్తుకి కట్టారు. అత్త పొట్టి మనిషి. రెండ్రోజుల పని మొత్తం విప్పి మళ్ళీ కట్టారు. యుద్ధం గురించి నోరు విప్పింది ఆ రోజే. "రాత్రి ఓడ మీద దీపం ఎలిగించనిచ్చేవోరు కాదు. తాడట్టుకునే తిరిగేవోళ్ళం. అప్పుడు నానూ గుడ్డోణ్ణే. బతికొచ్చాను గదా!"

మొదటి వారం ఆవిడ నూతి మెట్టు దగ్గర పడింది. నేను పరిగెత్తబోతే చెయ్యి అడ్డం పెట్టారు. "ఉండు. లెగుత్తాది." లేచింది. నెల తిరక్కుండా ఆవిడ వండిన చేపల పులుసు మా ఇంటికొచ్చింది.

మొన్న చలికాలంలో ఆయనకి ఆయాసం ముదిరింది. అప్పుడు తాడుని మా గేటు దాకా పొడిగించి, చివర మూడు ముళ్ళు వేశారు.

"మా ఇంటికెందుకు మావయ్యా?"

"మీ ఇంట్లో ఫోనుంది. పెద్దోడికి డూటీ, నీకూ డూటీ. తాడుకి సెలవుల్లేవు."

ఫోను దేనికో అత్తకి అర్థమైంది. "ఈ దారి నాకొద్దు" అని మంచమ్మీద కూర్చుండిపోయింది. ఆయన వినలేదు. రోజూ సాయంత్రం ఆవిణ్ణి నడిపించారు. తను వెనకే, చేతులు కట్టుకుని, రొప్పుతూ వచ్చేవారు. ఒక్కసారీ చెయ్యి అందించలేదు.

ఆ పొద్దున్న పెద్దకొడుక్కి ఫోను చేసి వచ్చి, అత్తని ఇంటికి తీసుకెళ్దామని చెయ్యి పట్టుకోబోయాను.

"వొద్దు బాబూ. ఈ దారి నాకొచ్చు."

నేను చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను. గోడ మలుపులో ఆవిడ కనుమరుగైంది. మా గేటు దగ్గర తాడు ఇంకా కదులుతోంది. కాసేపటికి ఆగింది.