సూర్యుడి అంచున తప్పిన లెక్క

భీమవరంలో మా ఇంజినీరింగ్ కాలేజీకి ఆదివారం సెలవే. అయినా నేను వెళ్లి ఫిజిక్స్ ల్యాబ్ తీయించేవాణ్ణి. ఒక్కడే వండుకుని ఒక్కడే తినేవాడికి ఆదివారం చాలా పొడుగు. కొన్ని నెలలపాటు ఆ పొడుగు నాకు తెలియలేదు. డిపార్ట్‌మెంటులో కొత్తగా చేరిన మేడం చర్చి అయ్యాక నేరుగా ల్యాబ్‌కి వచ్చి నా పక్కనే కూర్చుని పనిచేసేవారు.

సూర్యుడి చుట్టూ ఉండే కరోనా అనే వాయువుల పొర ఎంత వేడిగా ఉందో కొలవడం మా పని. "ఇంకా వదల్లేదేంటండీ మిమ్మల్ని ఆ కరోనా?" అని వాచ్‌మన్ నవ్వేవాడు. అక్కడ థర్మామీటరు పెట్టలేం. ఉపగ్రహం అతినీలలోహిత కాంతిలో రకరకాల ఫిల్టర్లతో ఫొటోలు తీస్తుంది. ఒక్కో ఫిల్టరులో ఒక్కో వేడి దగ్గరున్న వాయువు బాగా వెలుగుతుంది. ఒకే చోటును రెండు ఫొటోల్లో చూసి, ఒకదాని వెలుగును రెండోదానితో భాగిస్తే అక్కడి వేడి అంచనాకు వస్తుంది. ఫొటోలు దింపడం నా వంతు, భాగించి మ్యాపు గీయడం ఆవిడ వంతు.

సెమినార్లో ఆ మ్యాపు తెర మీద వేశాం. సూర్యుడి అంచు దాటగానే వేడి ఎక్కడికో ఎగిరిపోయింది.

"ఏంటండీ ఇది, నమ్మేలా ఉందా?" అన్నారు హెచ్‌వోడీ గారు.

"మేడం గారి లెక్కలో ఏదో తేడా వచ్చినట్టుందండి" అనేశాను.

"అసలే ఎండలు మండిపోతున్నాయి కదా సార్" అన్నారెవరో వెనక వరసలోంచి. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆవిడ పాయింటర్ బల్ల మీద పెట్టేశారు.

ఆ సాయంత్రం నేను దింపిన ఫైళ్లు తెరిచాను. అవి కొలతకి పనికొచ్చే అసలు డేటా కాదు. చూడ్డానికి బావుండాలని మసక చోట్లకు వెలుగు పెంచిన బొమ్మలు. వాటిని ఎంత సరిగ్గా భాగించినా తప్పే వస్తుంది.

మర్నాడు స్టాఫ్‌రూంలో ఆవిడ ఒక్కరే ఉన్నప్పుడు వెళ్లాను. "తప్పు నాదేనండి. నేనిచ్చిన ఫొటోలే పనికిరావు."

"నాకు ముందే అనుమానం వచ్చిందండి. సీనియర్ కదా, మీకు తెలిసే ఇచ్చుంటారనుకున్నాను." పేపర్లు దిద్దడం ఆపలేదు. "అన్నది అందరి ముందూ కదా సార్. సారీ మాత్రం ఎవరూ లేనప్పుడు చెప్తున్నారేంటి?"

ఆ సమయం చూసుకునే వచ్చానని ఆవిడ అనేదాకా నాకే తెలియలేదు.

తర్వాతి స్టాఫ్ మీటింగులో లేచి నిలబడి చెప్పాను. ఫొటోలు దింపింది నేనే, తప్పు నాదేనన్నాను. "సర్లెండి, అయిపోయిందిగా" అని హెచ్‌వోడీ గారు పరీక్ష డ్యూటీల్లోకి వెళ్లిపోయారు.

బయటికొచ్చాక ఆవిణ్ణి అడిగాను. "ఆదివారం అసలు డేటాతో మళ్లీ మొదలుపెడదామా అండి?"

"చెప్పినందుకు థాంక్సండి. ఆదివారాలు మాత్రం ఇంక కుదరదండి."

మర్యాదగానే అన్నారు. ఆ మాటలో కోపం వెతికాను, దొరకలేదు. కోపమైతే ఎప్పటికైనా తగ్గుతుందని ఆశపడేవాణ్ణి.

ఆదివారం అసలు డేటా దింపి, ఆవిడ రాసిన ప్రోగ్రాంనే అక్షరం మార్చకుండా నడిపాను. పది లక్షల డిగ్రీలు, ఇరవై లక్షల డిగ్రీలు అంటూ మ్యాపు నిదానంగా తెర మీద పరుచుకుంది. అంచు దగ్గర ఎక్కడా ఎగరలేదు. మ్యాపు పైన ఆవిడ పేరు పెట్టి ఆవిడకి వాట్సాప్‌లో పంపాను. నీలం టిక్కులు పడ్డాయి. కాసేపటికి నమస్కారం బొమ్మ ఒకటి వచ్చింది.

కంప్యూటర్ ఆపి వరండాలోకి వచ్చాను. ఇంకా మధ్యాహ్నమే. ఎటు వెళ్లాలో తోచక అక్కడే నిలబడ్డాను.