ఇస్కందరియాలో ఒక గంట

పోయిన మంగళవారం పొద్దున, కువైట్‌లోని అబ్బాసియాలో నేను పనిచేసే దర్జీ దుకాణంలో ఎవరిదో పెళ్ళి జాకెట్టుకు చేతులు కుడుతుండగా ఫోను మోగింది. చేసింది పెద్దమ్మ కొడుకు, నాకు తమ్ముడు. "అమ్మ పాయెనక్కా," అన్నాడు. నాలుగు రోజుల జ్వరం, చివర్లో ఆసుపత్రి, అంతే. దహనం ఫోనులోనే చూశాను. మధ్యలో సిగ్నల్ పోయింది. మళ్ళీ వచ్చేసరికి అందరూ కాళ్ళూ చేతులూ కడుక్కుంటున్నారు. జాకెట్టు మర్నాటికి ఇవ్వాల్సినది. కూర్చుని పూర్తిచేశాను.

ఆమె మా అమ్మకు అక్క. ఊరు రాయచోటి పక్కన పల్లె. నేను ఇంటర్ తప్పి ఇంట్లో ఉంటే, తన కఫీల్‌తో, అంటే వీసా ఇచ్చిన యజమానితో మాట్లాడి, కువైట్‌లో తాను పనిచేసే ఇంట్లోనే నన్ను పనికి పెట్టించింది. ఏడేళ్ళు ఒకే వంటింట్లో మెలిగాం. చేరిన మొదటి రోజు ఆమె నేర్పింది వంట కాదు, తుడవడం కాదు. "ఎవురన్నా పిలిస్తే ముందు గలాసుడు నీళ్ళు తాగి పో మే. పోయినాక మనకెప్పుడు తీరుతాదో తెలీదు," అంది. ఇప్పటికీ ఎవరైనా పిలిస్తే నా చెయ్యి ముందు నీళ్ళ సీసా మీదికే పోతుంది.

ఇంటి యజమానురాలిని మేము మామా అనేవాళ్ళం. ఆమె అత్తగారిని పెద్ద మామా అనేవాళ్ళం. చక్రాల కుర్చీలో ఉండే ఆ ముసలావిడ బాధ్యతంతా పెద్దమ్మదే. రాత్రిళ్ళు మంచం పక్కన చాప వేసుకుని, ఒక చెయ్యి మంచం కోడు మీద పెట్టి పడుకునేది. ముసలావిడ కదిలితే ఆ చేతికి తెలిసేది. నీళ్ళకనీ, బాత్రూముకనీ, ఊరకే భయమేసిందనీ రాత్రికి నాలుగైదు సార్లు లేవాలి. తెల్లవారితే మళ్ళీ అందరికంటే ముందు వంటింట్లో పెద్దమ్మే. "అలుపైతాందా పెద్దమ్మా?" అని అడిగితే, "అడగొద్దు మే. అడిగితే గుర్తొస్తాది," అనేది.

ఒక వేసవిలో ఆ కుటుంబం నెల రోజులు కైరోలో ఉండడానికి వెళ్తూ మమ్మల్నీ తీసుకెళ్ళింది. అక్కడా అదే వండడం, అదే కడగడం. గిన్నెలు మాత్రం వేరు. ఒకరోజు ఇంటాయన, అంటే బాబా, ఇస్కందరియాకు పోయి సాయంత్రానికి వచ్చేద్దామన్నాడు. అలెగ్జాండ్రియాను వాళ్ళు అలాగే అంటారు. మేమిద్దరం చీకటితో లేచి అన్నం, కోడి, టీ ఫ్లాస్కులు, పిల్లల బట్టలు, ముసలావిడ మందులు అన్నీ సర్దాం. వ్యాను చివరి సీటులో, ఐసు డబ్బా మోకాళ్ళకు గుద్దుకుంటుంటే మూడు గంటలు ప్రయాణం చేశాం.

ఊరు కనిపించింది. కొడవలిలా వంగిన సముద్రం. దాని ఒడ్డున రంగు వెలిసిన పాత మేడలు, నలుపూ పసుపూ టాక్సీలు, నెమ్మదిగా పోయే ట్రాము. నేలకొస చివర సముద్రంలోకి చొచ్చుకుని ఒక రాతి కోట. అక్కడ వెనకటికి లోకమంతా చెప్పుకున్న దీపస్తంభం ఉండేదట, భూకంపాలకు కూలిపోతే ఆ రాళ్ళతోనే ఈ కోట కట్టారట. ఈజిప్టు డ్రైవరు చెబుతుంటే పెద్దమ్మకు నేను తెలుగులో చెప్పాను. ఆమె కోటను కాసేపు చూసి, "కూలిపోయినాక కూడా ఇడిసిపెట్టలేదు సూడు. మళ్ళా పనికి పెట్టినారు," అంది.

భోజనాలయ్యాక అందరూ కోట ఎక్కాలనుకున్నారు. వాళ్ళ చిన్నపిల్లను నేను ఎత్తుకోవాలి. మెట్లెక్కలేని పెద్ద మామా దగ్గర పెద్దమ్మ కింద ఉండాలి. అప్పుడే ఆమె, ఆ ఇంట్లో పనిచేసిన పందొమ్మిదేళ్ళలో ఏనాడూ ఏదీ అడగని మనిషి, మామా ముందుకెళ్ళి తనకొచ్చిన అరబ్బీలో అడిగింది.

"మామా, నాకొక గంట కావాల."

"దేనికి?"

"సముద్రం కాడికి పోవాల."

"ఇదిగో, ఇక్కడే ఉందిగా సముద్రం. చూడు."

"ఇట్ల కాదు మామా. పని లేకుండా."

మామా ముఖం మారింది. పరాయి ఊళ్ళో పనిమనిషి గంట అడిగితే ఎవరికైనా వచ్చే అనుమానమే ఆమెకూ వచ్చింది. అది పెద్దమ్మకూ తెలుసు. "పాస్‌పోర్టు నీ బ్యాగులోనే ఉండాది కదా మామా. యాడికి పోతా?" అంది మెల్లగా. ఇక ఈమెను పంపించేస్తారు, ఈమెతోపాటు నన్నూ పంపించేస్తారు అనుకున్నాను.

అంతలో కుర్చీలోంచి పెద్ద మామా చేతికర్రతో నేల మీద కొట్టింది. "రూహి," అంది పెద్దమ్మతో. వెళ్ళు అని. తర్వాత కొడుకు వైపు తిరిగి, "నువ్వు కూర్చో నా దగ్గర. గంటలో నేనేం చావను," అంది. బాబా సణుగుతూ అరుగు మీద కూర్చున్నాడు. మామా చిన్నపిల్లను తానే ఎత్తుకుని, "నువ్వూ వెళ్ళు," అంది నాతో. తోడుకు కాదు, కాపలాకు.

నా జీవితంలో అంత పెద్ద ఊళ్ళో ఎవరి పనీ లేని గంట అదే మొదటిది. ట్రామెక్కుదామనుకున్నాను. బజారు చూద్దామనుకున్నాను. పెద్దమ్మ మాత్రం వంద అడుగులు కూడా నడవలేదు. సముద్రపు ఒడ్డు గోడ దిగి, రాళ్ళ మధ్య నీళ్ళలోకి చీర కొంచెం ఎత్తిపట్టి దిగి, మోకాళ్ళ కింది దాకా అలలు తగిలేలా కాసేపు నిలబడింది. తర్వాత పైకొచ్చి, గోడ నీడలో నా సంచి తలకింద పెట్టుకుని ఒరిగింది.

"అదేంది పెద్దమ్మా? సముద్రం సూస్తానంటివి కదా!"

"సూస్తి కదమ్మా. ఇంగ అలల సప్పుడు ఇంటా." కళ్ళు మూసుకుంది. "ఈ గంటా నన్నెవురినీ పిలవనీగాకు."

రెండు నిమిషాల్లో నిద్రపోయింది. నాకు ఏడుపొచ్చేంత కోపమొచ్చింది. దీనికోసమా అంత తెగించి అడిగింది? పడుకోవడానికి ఇంతదూరం రావాలా? కోపంగానే ఆమె వైపు చూశాను. నోరు కొంచెం తెరుచుకుని ఉంది. రెండు చేతులూ అరచేతులు పైకి తెరుచుకుని, దేన్నీ పట్టుకోకుండా పడి ఉన్నాయి. ఆ చేతులు అలా ఉండగా నేనెప్పుడూ చూడలేదు. నీడ జరిగి ఎండ ఆమె ముఖం మీదికి వస్తుంటే, మొక్కజొన్న పొత్తులు కాల్చే ఒకామె అడక్కుండానే తన బండిని ఇటు తోసి అడ్డం పెట్టింది.

గంట అయింది. నేను లేపలేదు. ఫోను మోగింది. కట్ చేశాను. ఇంకో ఇరవై నిమిషాలకు మామా తానే వచ్చింది, విసవిసా, అబాయా గాలికి ఎగురుతుండగా. లేపడానికి వంగినదల్లా ఆగింది.

"ఒంట్లో బాగాలేదా?"

"లేదు మామా. నిద్ర."

మామా అలాగే నిలబడింది. ఎంతసేపో చెప్పలేను. వెనకనుంచి పిల్లలు అరుస్తూ పరుగెత్తుకొచ్చారు. పెద్దమ్మ ఉలిక్కిపడి లేచి, కళ్ళు పూర్తిగా తెరవకుండానే, "ఏం గావాల మామా?" అంది. మామా ముఖం పక్కకు తిప్పుకుంది. "ఏం వద్దు. యల్లా, పద," అంది.

దీనివల్ల ఏదో మారిపోయిందని రాయాలని నాకూ ఉంది. ఏమీ మారలేదు. కువైట్‌కు తిరిగొచ్చాక అదే చాప, అదే మంచం కోడు. మారింది నేనొక్కదాన్నే. రోజు విడిచి రోజు రాత్రి పెద్ద మామా గదిలో నేను పడుకుంటానన్నాను. పెద్దమ్మ వారం రోజులు ఒప్పుకోలేదు. "సిన్నదానివి, నీకు నిద్ర గావాల," అనేది. ఆ తర్వాత ఒప్పుకుంది. ఆ గదిలో పడుకున్న మొదటి వారానికే ఇస్కందరియాలో నాకు వచ్చిన కోపానికి సిగ్గేసింది.

కొన్నేళ్ళకు ముసలావిడ పోయింది. పెద్దమ్మ ఇఖామా, అంటే కువైట్‌లో ఉండే అనుమతి కూడా ఖలాస్, అయిపోయింది. నేను ఆ ఇల్లు వదిలి ఈ దర్జీ పనిలో చేరాను. పెద్దమ్మ ఊరికెళ్ళి రెండేళ్ళు బతికింది. ఫోను చేసినప్పుడల్లా, "పగలంతా పండుకుంటాండా మే, సోమరిదాన్నైనా," అని నవ్వేది. ఆ రెండేళ్ళూ ఆమెకు దక్కాయి. నాకిప్పుడు మిగిలిన ఓదార్పు అదే. మనలో చాలామందికి అది కూడా దక్కదని ఇక్కడ ఉండేవాళ్ళందరికీ తెలుసు.

ఆ రోజు తిరుగు ప్రయాణంలో అందరం అలిసిపోయాం. వ్యానులో ఒకరి తర్వాత ఒకరు నిద్రపోయారు, నేనూ నిద్రపోయాను. ఐసు డబ్బా మోకాలికి తగిలి ఒకసారి మెలకువ వచ్చింది. పొద్దు వాలుతోంది. బయట పచ్చటి పొలాల మధ్య మట్టితో కట్టిన ఎత్తైన పావురాల గూళ్ళు ఒకటొకటిగా వెనక్కి పోతున్నాయి. డ్రైవరు కాక పెద్దమ్మ ఒక్కతే మేలుకుని ఉంది. చిన్నపిల్ల తల ఆమె ఒడిలో ఉంది. చెప్పులు విడిచిన కాళ్ళ మీద సముద్రపు ఉప్పు తెల్లగా చారలు కట్టి ఉంది. తుడుచుకోలేదు. కిటికీకి నుదురు ఆనించి, గూళ్ళకు తిరిగొస్తున్న పావురాలను చూస్తోంది.