అక్క బీపీ మిషన్

నిన్న బోధన్‌లో అక్క ఇల్లు సర్దుతుంటే అటక మీది డబ్బాలో దొరికినవి: అక్క బీడీలు చుట్టే చాట, ఆకు కత్తిరించే కత్తెర, దారం కండె, నేను కొనిచ్చిన బీపీ మిషన్. ఆరేళ్ల కిందట ఆ మధ్యాహ్నం ఈ నాలుగూ ఒకే చాప మీద ఉన్నాయి. మనుషులమూ నలుగురమే: అక్క, బావ, బావ తల్లి, నేను.

అప్పుడు నేను నిజామాబాద్‌లో ఆసుపత్రి యంత్రాలు బాగుచేసే పనిలో కొత్తగా చేరాను. అక్కకు ఏడో నెల. అది దానంగా తీసుకున్న పిండమని అక్కకు, బావకు, నాకు తప్ప ఇంట్లో ఎవరికీ తెలియదు. పిండం పెట్టిన డాక్టరమ్మ, ఇలాంటి గర్భాల్లో బీపీ ఎక్కువయ్యే ప్రమాదం హెచ్చని, ఏ డాక్టరు దగ్గరికి పోయినా ఈ సంగతి చెప్పాలని మరీ మరీ చెప్పి పంపింది. మాట పొక్కుతుందని బావ ఎక్కడా చెప్పలేదు.

అక్క కాళ్లు వాచాయి. "పొద్దుందాక కూసోని బీడీలు జేస్తే వాయవా? నాయి గిట్లనే వాసేటియి," అంది బావ తల్లి. తలనొప్పికి తంబాకు ఘాటు కారణమన్నారు. మిషన్ 178/116 చూపిస్తే, యంత్రాలు చదివినవాణ్ని కదా, సెల్లులు అయిపోయాయనుకుని కొత్తవి వేశాను. అంకె తగ్గలేదు. అప్పుడు ఆటో పిలిచాను.

బోధన్ ఆసుపత్రిలో డాక్టరు వెంటనే చేర్పించమన్నాడు. "గోలీలియ్యి సారూ, ఇంటికి పోతం," అంటూ బావ తల్లి అక్కను రెక్క పట్టి లేపింది. అక్క నా వైపు చూసింది.

"సార్, ఇది దానం తీసుకున్న పిండం. ఇంటికి పంపొద్దు," అన్నాను.

బావ పిడికిలి నా నోటి మీద పడింది. "మా అవ్వ ముంగట ఇజ్జత్ తీస్తవా బే!" కింద పడ్డ నా ఛాతీ మీద మోకాలు పెట్టి మళ్లీ కొట్టాడు. నేను అతని జుట్టు పట్టి తలను గోడకు బాదాను. ఇంతలో మంచం దడదడలాడింది. అక్క కళ్లు తేలేసి, నాలుక కొరుక్కుని, నెత్తుటి నురగ కక్కుతూ ఎగిరెగిరి పడుతోంది. నర్సు చేతిలో ఇంజక్షన్ అప్పటికే సిద్ధంగా ఉంది. ఇంటికి పోయే ఆటోలో అది ఉండేది కాదు.

ఫిట్స్ ఆగాక నిజామాబాద్‌కు తరలించి, ఆ సాయంత్రమే కడుపు కోసి పాపను తీశారు. "ఎవల పిండమైతేంది, నా కోడలి నెత్తురు తాగి పెరిగింది," అంది బావ తల్లి.

ఎవరికి తెలియకూడదని అంత దాచామో, ఆమే ఇప్పుడు పాపకు జడలు వేసి బడికి పంపుతోంది. అక్క బీడీలు చుట్టడం మానేసింది. బావ నాతో మామూలుగానే మాట్లాడతాడు. నా నోట్లో ఇప్పుడు ముప్పై ఒక్క పళ్లు.