దుమ్ముకాళ్ల వాటీ

వాటీ గ్లెడ్‌స్టేన్స్ ఎవరు ఎదురైనా మొహం చూసేవాడు కాదు, ముందు కాళ్లు చూసేవాడు. ఆ తర్వాత ఒకటే ప్రశ్న. "ఎక్కడ పుట్టావు?"

పీబుల్స్ అనే ఆ చిన్న ఊళ్లో పుట్టినవాళ్లు గటర్‌బ్లూడ్‌లు. దుమ్ముకాళ్లతో వచ్చి చేరినవాళ్లు స్టూరీఫుట్‌లు. ఊళ్లో అందరూ అనే మాటలే ఇవి, కాకపోతే నవ్వుతూ అంటారు. వాటీ మాత్రం జడ్జీ తీర్పు చెప్పినట్టు చెప్పేవాడు. బేకరీ ఇష్బెల్ గ్లాస్గో నుంచి వచ్చి తొమ్మిదేళ్లయినా సరే, రోజూ పొద్దున్నే ఆమె బూట్ల వంక చూసి, "ఏం స్టూరీఫుట్టూ, రొట్టె కాలిందా?" అనేవాడు.

"ఈ బూట్లు ఇక్కడే కొన్నాను, వాటీ గారూ."

"బూట్లు గటర్‌బ్లూడ్‌లే. కాళ్లతోనే వచ్చింది చిక్కు."

చర్చి గంట కొట్టే ఆర్చీ పుట్టిన పదకొండో రోజునే తల్లి ఒళ్లో ఊళ్లోకొచ్చి, ఎనభై ఒకటో ఏట పోయాడు. సమాధి దగ్గర వాటీ టోపీ తీసి, "స్టూరీఫుట్ అయినా మంచివాడు, పాపం" అన్నాడు. ఆర్చీ భార్య ఏడుపు ఆపి ఫక్కున నవ్వింది.

ఊళ్లో ఇంకో వింత ఉండేది. కొత్తవాళ్లెవరు దిగినా, మర్నాడు పొద్దున వాళ్ల గుమ్మంలో రండి రండి అన్నట్టు ఎండు చితుకుల కట్ట, దానిమీద ఉప్పు పొట్లం! పెట్టేదెవరో ఎవరికీ తెలియదు. తొమ్మిదేళ్ల కిందట తనకొచ్చిన కట్ట చూసి ఇష్బెల్ కళ్లనీళ్లు పెట్టుకుంది కూడా. "మనకి ఒక్క పుల్లయినా రాదేం?" అని గటర్‌బ్లూడ్‌లు కుళ్లుకునేవారు. అందరికంటే గట్టిగా వాటీయే సణిగేవాడు.

జనవరిలో బేకరీ పక్కింట్లోకి ఓ కుటుంబం దిగింది. మర్నాడు తెల్లారుతుండగా ఇష్బెల్ తలుపు తీసేసరికి, పక్క గుమ్మం ముందు మంచు మీద వాటీ వెల్లకిలా పడి ఉన్నాడు. చేతిలో చితుకుల కట్ట మాత్రం వదల్లేదు.

"ఓరి దేవుడా, మీరా!"

"అరవకు, వాళ్లు లేస్తారు. ముందు కట్ట గుమ్మంలో పెట్టు. తర్వాత నన్ను లేపు."

"ఎక్కడ పుట్టావని అందర్నీ పీడించేది ఇందుకా?"

"అడక్కపోతే ఏ గుమ్మంలో పెట్టాలో ఎలా తెలుస్తుంది?"

తుంటి విరిగింది. ఇల్లేమో రెండో అంతస్తు. కూతురు జీన్, "ఇన్నర్‌లీథెన్ వచ్చెయ్ నాన్నా, నా ఇంట్లో మెట్లు లేవు. ఆరు మైళ్లేగా!" అంది.

ఆరు మైళ్లు! ఆస్పత్రిలో వాటీ ఇష్బెల్ చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. "ఎనభై మూడేళ్లు నా ఊళ్లో ఉన్నాను. అక్కడ నన్నెవరు పలకరిస్తారు, అమ్మాయ్?"

ఆయన భయపడటం ఆమె ఎన్నడూ చూడలేదు.

ముఖం ముడుచుకునే కూతురింటికి వెళ్లాడు. మర్నాడు పొద్దున జీన్ తలుపు తీయగానే చితుకుల కట్టలు బొలబొలా ఇంట్లోకి పడ్డాయి. ముప్పై ఏడు! వీధిలో పీబుల్స్ స్టూరీఫుట్‌లంతా నిలబడి ఉన్నారు, ఆర్చీ తరఫున అతని భార్యతో సహా. ఇష్బెల్ ముందుకొచ్చి, జీన్ వెనక చేతికర్ర మీద నిలబడ్డ వాటీ ఉన్ని చెప్పుల వంక తీరిగ్గా చూసింది.

"ఎక్కడ పుట్టారు?"

"పీబుల్స్‌లో" అని నసిగాడు వాటీ.

"స్టూరీఫుట్!"

వీధి వీధంతా గొల్లున నవ్వింది. వాటీ ముక్కు చీదుకుని, చేతికర్రతో కట్టల్ని కెలికాడు.

"సగం పచ్చివే. బొత్తిగా పనితనం లేదు. జీన్, ఎండినవి వేరుగా తియ్యవే. ఈ వీధిలోకి కొత్తగా ఎవరొచ్చారో కనుక్కోవాలి."