నేరేడు కొమ్మ చప్పుడు

నేరేడు పండ్లు కోయడమంటే చెట్టు కింద కూర్చుని ఏరుకోవడమే అనుకున్నాను. ధర్మవరంలో మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని బతికేదాన్ని, నాకు చెట్ల సంగతి ఏం తెలుస్తుంది? ఈ కాపుకు పెనుకొండ దగ్గర అక్కావాళ్ల తోటకు పోయాకే తెలిసింది.

నేల మీద రాలిన పండు పనికిరాదట. చిట్లిపోతుంది, మన్ను అంటుకుంటుంది. చేతికందిన కొమ్మల్లో నల్లబడిన పండును మాత్రం చూసి తుంచుతారు. పై కొమ్మలకు మనిషి ఎక్కాల్సిందే. అతను కొమ్మను కాలితో కుదిలిస్తే, కింద నలుగురు పాత చీరలు కలిపి కుట్టిన పెద్ద దుప్పటిని నాలుగు మూలలా పట్టుకుని పండ్లను అందుకోవాలి. నాకూ ఒక మూల ఇచ్చారు. చూస్తే ఆ దుప్పటి నడుమ నేను నేసిన పట్టుచీర ఉంది. ఒళ్లు మండిపోయింది.

"పండక్కి కట్టుకోమని ఇస్తే చెట్టు కింద పరుస్తావా?" అన్నాను.

"బరువు మోస్తాదని నడిమికి వేసి కుట్టినా లేవే. ఊరికే గొణగొద్దు, మూల గట్టిగా పట్టుకో," అంది అక్క.

చెట్టెక్కింది బావ. కూలికి వచ్చేవాళ్లు ఈ ఏడు ఎవరూ ఎక్కడానికి ఒప్పుకోలేదు. పక్క తోటలో ఒకతను పడి, మళ్లీ లేవలేదు. "మామిడి కొమ్మయితే ముందు వంగుతాది, అంతలో మనిషి సర్దుకుంటాడు. నేరేడు వంగదు. ఉన్నట్టుండి పుటుక్కుమంటాది," అని అక్క వంట గురించి చెప్పినంత మామూలుగా చెప్పింది. చెప్తున్నంతసేపూ మెడ ఎత్తి బావ కాళ్లనే చూస్తోంది. కొండ వెనక మబ్బు పట్టింది. వాన పడితే పండు చెట్టు మీదే పగిలిపోతుంది, హిందూపురం పోయే బండికెక్కించడానికి ఏమీ మిగలదు. అందుకే బావ తొందర పడుతున్నాడు.

పండ్లు దబదబా చీరల్లో పడుతున్నాయి. ఆ చప్పుడులో నాకు ఇంకొక చప్పుడు వినపడింది. చాలా చిన్నది. మగ్గం మీద నిలువుగా బిగించిన పడుగు పోగు తెగినప్పుడు అట్లాగే ఉంటుంది. మగ్గం ఎంత మోత మోగినా, నేసేవాళ్ల చెవి దాన్ని పట్టుకుంటుంది, చెయ్యి దానంతటదే ఆగిపోతుంది. అప్పుడూ నా చెయ్యి ఆగింది. నోరు మాత్రం ఆగలేదు.

"బావా, మాను కరుచుకో!"

ఎందుకని అడగలేదు మహానుభావుడు. చటుక్కున వెనక్కి జరిగి మానును రెండు చేతులా పట్టుకున్నాడు. అంతలోనే కొమ్మ విరిగింది. మేం మూలలు వదిలేసి తలో దిక్కుకు ఉరికాం. కొమ్మ నా పట్టుచీరను నిలువునా చీల్చుకుని నేల మీద పడింది.

దిగొచ్చాక బావ నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. దేనికీ బెదరని అక్క వంగి బావ కాళ్లను తడిమి చూసింది.

"కాపు అయ్యేదాకా ఈడనే ఉండిపోవే," అంది. మగ్గం మీద ఎవరిదో పెళ్లిచీర సగంలో ఉంది, ఉండలేనన్నాను. "అట్లయితే కొమ్మ చప్పుడు ఫోన్లో విను," అంది. అక్కకు మతి పోయిందనుకున్నాను. కాదు. మరునాడు పొద్దున్నే బావ నాకు ఫోను కలిపి, దాన్ని చొక్కా జేబులో వేసుకుని చెట్టెక్కాడు. రాత్రికే ధర్మవరం తిరిగొచ్చిన నేను ఇక్కడ మగ్గం ఆపి, నా ఫోను చెవికి ఆనించుకుని కూర్చున్నాను. ఆయన ఆయాసం, ఆకుల గలగల, కింద నుంచి అక్క "జాగ్రత్త, జాగ్రత్త" అనడం. ఇక ప్రతి పొద్దూ అదే పని.

ఒకరోజు మళ్లీ ఆ చప్పుడు వినపడింది. "దిగు బావా!" అని కేకేశాను. "కొమ్మ గట్టిగానే ఉండాది కదా," అని గొణుక్కుంటూ దిగాడు. ఫోను పెట్టేసి మగ్గం వైపు తిరిగితే, పడుగులో ఒక పోగు తెగి వేలాడుతోంది. బిగువుగా ఉన్న పడుగులో పోగు ఒక్కోసారి దానంతటదే తెగుతుంది. నేను విన్నది కొమ్మనా, పోగునా? ఎంత ఆలోచించినా తేలలేదు.

సాయంత్రం అక్క ఫోన్ చేసి ఏడ్చింది. వాన రాలేదు గానీ, పెద్ద గాలి వచ్చి ఆ కొమ్మ విరిగి పడిందట. "నీ చెవి దేవుడిచ్చిన చెవి," అంది. "అక్కా, ఈడ నా మగ్గంలో పోగు తెగింది. నేను విన్నది అదేనేమో," అన్నాను. వినిపించుకోలేదు. గాలికి ఎన్ని కొమ్మలు విరగవు? ఆ మాటా చెప్పాను. అదీ వినిపించుకోలేదు.

మరునాడు బావ గొంతులో కొత్త హుషారు. "మరదలా, ఆ పై కొసకు భయపడి ఇన్నినాళ్లూ పోలేదు. మంచి పండంతా ఆడనే ఉండాది. నువ్వు వింటాండావు కదా, పోతాండా."

"వద్దు బావా. నా చెవిని నమ్ముకోవద్దు."

"నమ్మబట్టే కదా బతికి ఉండా," అని నవ్వాడు.

అక్క "జాగ్రత్త" అంటుందేమోనని చూశాను. అనలేదు. ఆ రోజు నుంచీ అనడం లేదు. ఆ జాగ్రత్త కూడా నా మీదే పెట్టేసింది.

ఇప్పుడు రోజూ ఫోను మోగకముందే పడుగు బిగువంతా వదిలేస్తున్నాను, ఒక్క పోగూ తెగకుండా. పెళ్లిచీర అట్లాగే ఆగిపోయి ఉంది. నేను చేతులు ఒళ్లో పెట్టుకుని వింటున్నాను. బావ రోజురోజుకూ ఇంకొంచెం పైకి పోతున్నాడు.